గెలవకపోయినా మళ్లీ ట్రాక్‌ మీదికే.. ఔత్సాహిక కార్ రేసర్ల లెక్క వేరు

ఒక కార్ రేసులో 20 మంది బరిలో దిగితే గెలిచేది ఒక్కరే. పోడియం ఎక్కేది ముగ్గురు. మిగిలిన 17 మంది పేర్లు మర్నాడు పేపర్లో కూడా రావు. ఔత్సాహికుల పోటీల్లో ఈ 17 మందిలో చాలామంది ఏళ్ల తరబడి ఒక్క రేసు కూడా గెలవరు. గెలిచే అవకాశం అంతంతమాత్రమేనని వాళ్లకూ తెలుసు. అయినా తర్వాతి రౌండుకు మళ్లీ ఎంట్రీ ఫీజు కడతారు.

సాయంత్రం పూట షటిల్ ఆడి ఓడిపోతే పోయేదేమీ ఉండదు. కార్ రేసులో అలా కుదరదు. టైర్లు, పెట్రోలు, మెకానిక్ కూలి, కారును ట్రాక్ దాకా తరలించే లారీ కిరాయి అన్నీ చేతి డబ్బే. కారు గోడకు తగిలితే మరమ్మతు ఖర్చు అదనం. ఒక్కోసారి ప్రాణానికే ముప్పు. గెలుపు దక్కని చోట ఇంత ఖర్చు, ఇంత ప్రమాదం ఎందుకు భరిస్తారన్నది చాలామందిని వేధించే ప్రశ్న. ఈ ఆట ఎలా నడుస్తుందో, ఆడేవాళ్లు దేన్ని కొలుచుకుంటారో చూస్తే జవాబు దొరుకుతుంది.

ఔత్సాహిక రేసర్ అంటే ఎవరు?

టీవీలో కనిపించే ఫార్ములా వన్ డ్రైవర్లకు రేసింగ్ ఉద్యోగం. జట్టు జీతం ఇస్తుంది, కారు ఇస్తుంది. ఔత్సాహికులకు రేసింగ్ ఒక ఖర్చు. వారమంతా వ్యాపారమో, వైద్యమో, సాఫ్ట్‌వేర్ ఉద్యోగమో చేసుకుని, సెలవు రోజుల్లో హెల్మెట్ పెట్టుకునేవాళ్లు వీళ్లు. ఐరోపాలో వీళ్లను ‘జెంటిల్‌మన్ డ్రైవర్లు’ అని పిలవడం పాత అలవాటు.

ప్రపంచ మోటార్ స్పోర్ట్‌ను నడిపే ఎఫ్‌ఐఏ ఓర్పు పందేల కోసం డ్రైవర్లను ప్లాటినం, గోల్డ్, సిల్వర్, బ్రాంజ్ అని నాలుగు తరగతులుగా విడగొడుతుంది. వయసును, సాధించిన ఫలితాలను బట్టి ఈ తరగతి నిర్ణయమవుతుంది. ఔత్సాహికులు సాధారణంగా బ్రాంజ్ కిందికి వస్తారు. ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్స్ 24 గంటల రేసులోని ఎల్‌ఎంజీటీ3 విభాగంలో ప్రతి కారుకూ కనీసం ఒక బ్రాంజ్ డ్రైవర్ ఉండి తీరాలన్నది నిబంధన. అంటే ప్రపంచంలోనే పేరుమోసిన రేసులో ఔత్సాహికుడి చోటు నియమావళిలోనే రాసి ఉంది.

భారత్‌లో ఈ క్రీడను పర్యవేక్షించేది ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా (ఎఫ్‌ఎంఎస్‌సీఐ). దానికి కేంద్ర క్రీడా శాఖ గుర్తింపు ఉంది. గుర్తింపు పొందిన రేసులో పాల్గొనాలంటే ఈ సంస్థ ఇచ్చే పోటీ లైసెన్సు కావాలి.

క్లబ్బు కట్టుకున్న ట్రాక్

మన దేశంలో కార్ రేసింగ్ పుట్టింది ఔత్సాహికుల చేతుల్లోనే. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ 1953లో ఏర్పడింది. అప్పట్లో రేసు ట్రాక్ అన్నదే లేదు. మద్రాసు దగ్గర షోలవరంలో రెండో ప్రపంచ యుద్ధ కాలం నాటి విమానాల రన్‌వే ఒకటి ఖాళీగా ఉండేది. దశాబ్దాల పాటు రేసులు అక్కడే జరిగాయి. సంపన్నుల స్పోర్ట్స్ కార్ల నుంచి, షెడ్డులో సొంతంగా మార్పులు చేసుకున్న అంబాసిడర్, ఫియట్ కార్ల దాకా అన్నీ అక్కడ పరుగెత్తినవే.

తర్వాత ఆ క్లబ్బే శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టైలో భూమి కొని, 3.7 కిలోమీటర్ల శాశ్వత ట్రాక్ కట్టింది. 1990లో మొదలైన ఆ ట్రాక్‌ను ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు. ప్రభుత్వమో, పెద్ద కంపెనీయో కాకుండా ఆట మీద ఇష్టం ఉన్నవాళ్ల క్లబ్బే కట్టుకోవడం దాని ప్రత్యేకత.

ఇంకో మలుపు కోయంబత్తూరులో వచ్చింది. విదేశీ రేసు కార్లు దిగుమతి చేసుకోవడం కోటీశ్వరులకు తప్ప సాధ్యం కాని 1980ల చివర్లో, ఎస్. కరివర్ధన్ అనే పారిశ్రామికవేత్త మారుతి 800 ఇంజిన్‌తో ఒంటి సీటు రేసు కారు తయారు చేశారు. అదే ఫార్ములా మారుతి. విడిభాగాలు ఏ ఊళ్లోనైనా దొరికేవి. ఖర్చు తగ్గింది, బరిలో దిగేవాళ్లు పెరిగారు. 2005లో భారత్ నుంచి మొదటి ఫార్ములా వన్ డ్రైవర్‌గా నిలిచిన నారాయణ్ కార్తికేయన్ తొలి అడుగులు ఫార్ములా మారుతిలోనే పడ్డాయి. కరివర్ధన్ 1995లో విమాన ప్రమాదంలో మరణించారు. 2003లో కోయంబత్తూరు దగ్గర ప్రారంభమైన కరి మోటార్ స్పీడ్‌వే ఆయన పేరు మీదిదే.

ఆ కార్లు నడిపినవాళ్లలో ఫార్ములా వన్ దాకా వెళ్లినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినంతే. మిగిలినవాళ్లు తమ ఉద్యోగాలకు, దుకాణాలకు తిరిగి వెళ్లారు. కానీ వాళ్లు కట్టిన ఎంట్రీ ఫీజులే క్లబ్బుల్ని, ట్రాకుల్ని, మెకానిక్కుల్ని నిలబెట్టాయి. గెలవనివాళ్లు లేకపోతే గెలిచేవాళ్లకు పోటీయే ఉండదు.

గడియారంతో పోటీ

ఔత్సాహిక రేసర్‌ను ‘ఎలా జరిగింది?’ అని అడిగితే మొదట చెప్పేది స్థానం కాదు, ల్యాప్ టైమ్. ట్రాక్‌ను ఒకసారి చుట్టి రావడానికి పట్టిన సమయం అది. సెకనులో వెయ్యో వంతు వరకు దాన్ని కొలుస్తారు. పక్కవాడి కారు ఖరీదైనదో, అనుభవజ్ఞుడైన మెకానిక్ అతని దగ్గర ఉన్నాడో అనే సాకులు గడియారం దగ్గర చెల్లవు. పోయిన నెల 2 నిమిషాల 5 సెకన్లు పట్టిన చోట ఈ నెల 2 నిమిషాల 3 సెకన్లు పడితే, పదకొండో స్థానంలో వచ్చినా ఆ రోజు గెలిచినట్టే లెక్క.

ఆ రెండు సెకన్లు చిన్నవేమీ కావు. 3.7 కిలోమీటర్ల ట్రాక్‌ను 2 నిమిషాల్లో చుట్టి వస్తే సగటు వేగం గంటకు 111 కిలోమీటర్లు. ఆ వేగంలో ఒక్క సెకను అంటే సుమారు 31 మీటర్లు. ల్యాపుకు ఒక సెకను చొప్పున మెరుగైతే పది ల్యాపుల రేసులో 300 మీటర్లకు పైగా ముందుంటారు.

ఆ సెకను ఎక్కడ దొరుకుతుందన్నదే అసలు ఆట. నేరుగా ఉన్న దారిలో యాక్సిలరేటర్ ఎవరైనా తొక్కగలరు. తేడా మలుపుల్లో వస్తుంది. మలుపును ట్రాక్ బయటి అంచు నుంచి మొదలుపెట్టి, లోపలి అంచును తాకి, మళ్లీ బయటి అంచుకు రావడం రేసింగ్‌లో తొలి పాఠం. ఇలా చేస్తే వంపు వ్యాసార్థం పెరుగుతుంది. టైరు పట్టు మారకుండానే, వ్యాసార్థం రెట్టింపైతే దాదాపు 41 శాతం ఎక్కువ వేగంతో ఆ మలుపు తిరగవచ్చని భౌతికశాస్త్రం చెబుతుంది.

చెప్పినంత సులువుగా అది చేతికి రాదు. టైరుకున్న పట్టు నెల జీతం లాంటిది. బ్రేకుకు ఎక్కువ ఖర్చు పెడితే మలుపు తిరగడానికి మిగలదు. రెండూ ఒకేసారి ఎక్కువ అడిగితే కారు జారుతుంది. కాబట్టి బ్రేకు మీద కాలు వదులుతూ అదే కొలతలో స్టీరింగ్ తిప్పాలి. ఎక్కడ బ్రేకు వేయాలి, ఎంత వేయాలి, ఎప్పుడు వదలాలి అన్నవి ప్రతి మలుపుకూ వేరు. ట్రాక్ వేడెక్కినా, టైరు అరిగినా, చినుకు పడినా లెక్క మారిపోతుంది. పన్నెండు మలుపుల్లో పదకొండు సరిగ్గా కుదిరి ఒక్కటి తప్పితే, మర్నాటిదాకా బుర్రలో తిరిగేది ఆ ఒక్క మలుపే.

కర్ణాటక కచేరీల్లో పాడే అవకాశం ఎప్పటికీ రాదని తెలిసినా రోజూ సాధన చేసేవాళ్లు ఉన్నారు. రేటింగ్ పెరగకపోయినా ఆదివారం చెస్ టోర్నమెంట్లకు వెళ్లేవాళ్లు ఉన్నారు. నిన్నటికంటే ఇవాళ కొంచెం బాగా చేయగలిగామన్న తృప్తే వాళ్లను నడిపిస్తుంది. రేసింగ్‌లో ఆ ‘కొంచెం’ ఎంతో గడియారం అంకెల్లో చూపిస్తుంది.

రేసులోపల ఇంకో రేసు

ఔత్సాహిక రేసులను ఒకే బహుమతి ఉన్న పోటీలుగా నడపరు. ఇంజిన్ సామర్థ్యాన్ని బట్టి, చేసిన మార్పులను బట్టి, డ్రైవర్ అనుభవాన్ని బట్టి విభాగాలు ఉంటాయి. ఒకేసారి ట్రాక్ మీద ఉన్న కార్లు మూడు నాలుగు వేర్వేరు పోటీల్లో ఉండొచ్చు. మొత్తం మీద పదిహేనో స్థానంలో ఉన్న వ్యక్తి తన విభాగంలో రెండోవాడు కావచ్చు.

అందరికీ ఒకే రకం కారు ఇచ్చే పోటీలు మరో పద్ధతి. 2010లో భారత్‌లో మొదలైన ఫోక్స్‌వ్యాగన్ పోలో కప్ అలాంటిదే. ఒంటి సీటు ఫార్ములా ఎల్‌జీబీ కార్ల పోటీల్లోనూ అంతే. కార్లు సమానమైనప్పుడు డబ్బు ఇచ్చే ఆధిక్యం తగ్గుతుంది. వెనక వరుసల్లో కూడా రెండు కార్లు అంగుళాల తేడాతో ల్యాపుల తరబడి పోటీ పడతాయి. ఎనిమిదో స్థానం కోసం జరిగే ఆ పోరు కెమెరాకు చిక్కకపోవచ్చు. అందులో ఉన్న ఇద్దరికీ మాత్రం అదే ఫైనల్. మొదటి ల్యాపులోనే ముందుకు వెళ్లిపోయి, ఎవరూ దరిదాపుల్లో లేకుండా గెలిచిన డ్రైవర్ కంటే ఆ ఇద్దరి రేసే రసవత్తరంగా సాగే సందర్భాలు ఎన్నో.

వేగమే ముఖ్యం కాని పోటీలూ ఉన్నాయి. 1999లో మొదలైన రెయిడ్ డి హిమాలయలో తీవ్రమైన వేగపు విభాగంతో పాటు టీఎస్‌డీ విభాగం ఉండేది. టీఎస్‌డీ అంటే టైమ్, స్పీడ్, డిస్టెన్స్. నిర్వాహకులు దారిని, ఒక్కో భాగంలో పాటించాల్సిన సగటు వేగాన్ని ముందే ఇస్తారు. ఆలస్యంగా చేరితే పెనాల్టీ పాయింట్లు పడతాయి, ముందుగా చేరినా పడతాయి. డ్రైవర్ ఎంత ముఖ్యమో పక్క సీట్లో లెక్కలు కట్టే నావిగేటర్ అంతకంటే ముఖ్యం. ఇంట్లో వాడే కారుతోనే దంపతులు, అన్నదమ్ములు, స్నేహితులు జంటగా పాల్గొనే వీలు ఇక్కడ ఉంటుంది.

పొరుగు దేశాల్లోనూ ఇలాంటి సంప్రదాయాలు ఉన్నాయి. పాకిస్తాన్ పంజాబ్‌లోని దెరావర్ కోట దగ్గర 2005 నుంచి జరుగుతున్న చోలిస్తాన్ ఎడారి ర్యాలీలో కార్లు ఒకదాని తర్వాత ఒకటి బయల్దేరి గడియారంతో పోటీ పడతాయి. మార్పులు చేసిన వాహనాలకు ఒక విభాగం, షోరూమ్ నుంచి వచ్చినట్టే ఉన్న వాహనాలకు ఇంకో విభాగం, మహిళలకు మరో విభాగం ఉంటాయి. శ్రీలంకలోని నువారా ఎలియాలో జరిగే మహాగస్తోట కొండ ఎక్కే పందెం 1930ల నాటి నుంచి వస్తున్నది.

మనసు ఏం కోరుకుంటుంది?

ఈ ఇష్టాన్ని ‘థ్రిల్’ అనే ఒక్క మాటతో కొట్టిపారేయడం సులువు. పరిశోధకులు చెప్పేది అంతకంటే లోతైనది.

అమెరికాలో స్థిరపడిన హంగేరియన్ మనస్తత్వవేత్త మిహాయి చిక్‌సెంట్‌మిహాయి 1970ల్లో పర్వతారోహకులు, చదరంగం ఆటగాళ్లు, నర్తకులు, శస్త్రచికిత్సలు చేసే వైద్యులతో మాట్లాడి ‘ఫ్లో’ అనే భావనను ప్రతిపాదించారు. ఎదురుగా ఉన్న సవాలు, మనకున్న నైపుణ్యం సరిగ్గా తూగినప్పుడు మనసు పూర్తిగా ఆ పనిలో మునిగిపోతుంది. కాలం తెలియదు, నేను అన్న స్పృహ పలచబడుతుంది. సవాలు ఎక్కువైతే ఆందోళన, తక్కువైతే విసుగు. ఏం చేయాలో స్పష్టంగా తెలియడం, చేసిన దాని ఫలితం వెంటనే తెలియడం ఈ స్థితికి అవసరం. రేసు కారులో రెండూ ఉన్నాయి. బ్రేకు పది మీటర్లు ఆలస్యమైతే కారు ఆ క్షణంలోనే చెప్పేస్తుంది. నెలాఖరు సమీక్ష దాకా ఆగాల్సిన పని లేదు. ఫోన్ మోగని, ఈఎంఐ గుర్తురాని ఇరవై నిమిషాలు ఈ కాలంలో దొరకడం ఎంత అరుదో కూడా ఆలోచించాలి.

సమాజ శాస్త్రవేత్త స్టీఫెన్ లింగ్ 1990లో ‘ఎడ్జ్‌వర్క్’ అనే సిద్ధాంతాన్ని ముందుకు తెచ్చారు. విమానం నుంచి దూకే స్కైడైవర్లను గమనించి ఆయన గుర్తించింది ఏమిటంటే, వాళ్లు తమను జూదగాళ్లుగా చూసుకోరు. అదుపు తప్పే అంచు దాకా వెళ్లి, అదుపు తప్పకుండా నిలబడగలగడమే వాళ్లు విలువిచ్చే నైపుణ్యం. రేసర్ల మాటల్లోనూ ఇదే వినిపిస్తుంది. వాళ్లకు ప్రమాదం మీద మోజు లేదు, ప్రమాదాన్ని అదుపులో పెట్టగలిగానన్న భావన మీద ఉంది.

బహుమతి సంగతికి వస్తే, 1971లో ఎడ్వర్డ్ డెసీ అనే మనస్తత్వవేత్త విద్యార్థులకు పజిళ్లు ఇచ్చి ఒక ప్రయోగం చేశారు. పరిష్కరించినందుకు డబ్బు తీసుకున్నవాళ్లు, డబ్బు ఆగిపోయాక ఖాళీ సమయంలో ఆ పజిళ్లను తక్కువగా ముట్టుకున్నారు. బయటి బహుమతి కోసం చేయడం మొదలుపెడితే పనిలోని సొంత ఆనందం తగ్గవచ్చని అది సూచించింది. ఇంకో అధ్యయనం 1992 బార్సిలోనా ఒలింపిక్స్ దృశ్యాలను పరిశీలించింది. రజతం గెలిచినవాళ్లకంటే కాంస్యం గెలిచినవాళ్లే ఎక్కువ సంతోషంగా కనిపించారని 1995లో ప్రచురితమైన ఆ పరిశోధన తేల్చింది. రెండోవాడు చేజారిన స్వర్ణంతో, మూడోవాడు త్రుటిలో తప్పిన నాలుగో స్థానంతో పోల్చుకుంటారన్నది దానికి ఇచ్చిన వివరణ. తృప్తి స్థానాన్ని బట్టి కాక, దేనితో పోల్చుకుంటున్నామన్న దాన్ని బట్టి వస్తుంది. ఔత్సాహికుడు పోల్చుకునేది నిన్నటి తనతో.

ఓటమికీ ఒక పండుగ

ఈ సంగతిని కొన్ని పోటీలు బాహాటంగానే ఒప్పుకుంటాయి. అమెరికాలో జే లామ్ 2006లో మొదలుపెట్టిన ‘24 అవర్స్ ఆఫ్ లెమన్స్’ లె మాన్స్ పేరు మీద వేసిన చమత్కారం. రక్షణ పరికరాల ఖర్చు కాకుండా కారు ఖరీదు 500 డాలర్లు దాటకూడదన్నది దాని అసలు నిబంధన. ఎక్కువ ఖర్చు పెట్టినట్టు అనుమానం వస్తే న్యాయనిర్ణేతలు పెనాల్టీ ల్యాపులు వేస్తారు. అక్కడ అందరూ ఆశపడే ట్రోఫీ వేగంగా వచ్చిన కారుకు దక్కదు. నడుస్తుందని ఎవరూ ఊహించని డొక్కు కారుతో చెప్పుకోదగ్గ దూరం వెళ్లిన జట్టుకు ఇస్తారు.

జర్మనీలో 1970 నుంచి జరుగుతున్న నూర్బుర్‌గ్రింగ్ 24 గంటల రేసులో వందకు పైగా కార్లు పాల్గొంటాయి. పెద్ద కంపెనీల జట్లతో పాటు చిన్న గ్యారేజీల జట్లు కూడా అదే ట్రాక్ మీద ఉంటాయి. వెనక నక్క తోక కట్టుకుని ఏళ్ల తరబడి పాల్గొన్న పాత ఓపెల్ మంటా కారు అక్కడి ప్రేక్షకుల ముద్దుబిడ్డ. మొత్తం రేసు గెలిచే అవకాశం దానికి ఎప్పుడూ లేదు.

హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ 1969లో విడుదలైన ఒక రేసింగ్ సినిమా కోసం నేర్చుకున్న డ్రైవింగ్‌ను జీవితాంతం వదల్లేదు. నలభై ఏడేళ్ల వయసులో పోటీల్లోకి దిగి, 1979లో లె మాన్స్‌లో రెండో స్థానంలో నిలిచిన జట్టులో ఉన్నారు. మన దగ్గర సికింద్రాబాద్‌లో పుట్టిన తమిళ నటుడు అజిత్ కుమార్ 2010లోనే ఫార్ములా 2 పోటీల్లో నడిపారు. 2025 జనవరిలో దుబాయ్ 24 గంటల రేసులో ఆయన జట్టు తన విభాగంలో మూడో స్థానంలో నిలిచింది. 53 ఏళ్ల వయసులో ఆయన జాతీయ జెండా పట్టుకుని పిట్ లేన్‌లో సంబరపడిన వీడియోలు చూసినవాళ్లలో చాలామందికి ఆ రేసు ఎవరు గెలిచారో గుర్తు కూడా ఉండదు.

పిట్‌లో పరాయివాళ్లుండరు

కారులో కూర్చునేది ఒక్కరే అయినా రేసింగ్ ఒంటరి ఆట కాదు. శనివారం ప్రాక్టీసులో గేర్‌బాక్స్ పోతే, ఆదివారం ఉదయానికి దాన్ని బిగించడానికి రాత్రంతా పనిచేసే మెకానిక్ ఉంటాడు. విడిభాగం లేకపోతే అది ఇచ్చేది చాలాసార్లు పక్క గ్యారేజీలోని ప్రత్యర్థే. రేసులో ఓడించాల్సిన మనిషికి సామాను అప్పివ్వడం బయటివాళ్లకు వింతగా తోచవచ్చు. కానీ ఎదురుగా కారు లేకపోతే రేసే లేదు.

మలుపుల దగ్గర జెండాలు పట్టుకుని ఎండలో నిలబడే మార్షళ్లు చాలాచోట్ల స్వచ్ఛందంగా వచ్చేవాళ్లే. రేసుకు ముందు కారును అణువణువూ పరీక్షించే స్క్రూటినీర్లు, సమయం కొలిచేవాళ్లు, అంబులెన్స్ వైద్యులు అందరూ ఆ ఊరివాళ్లలాగే కలిసిపోతారు. కొందరు డ్రైవింగ్ ఆపేశాక మార్షళ్లుగా తిరిగి వస్తారు. అలాంటివాళ్లకు రేసింగ్ ఒక ఊరు, ల్యాప్ టైమ్ ఆ ఊళ్లోకి ప్రవేశ ద్వారం మాత్రమే.

ఈ ఆటలో ప్రాణం పోయే ప్రమాదమూ ఉంది

ఈ ఆనందాన్ని మరీ అందంగా చెప్పుకోవడం తప్పు. 2023 జనవరి 8న మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో జాతీయ చాంపియన్‌షిప్ రేసులో జరిగిన ప్రమాదంలో కె.ఇ. కుమార్ మరణించారు. ఆయన వయసు 59. దశాబ్దాలుగా ఆ ట్రాక్ మీద నడిపిన, తోటి రేసర్లు గౌరవించిన సీనియర్. మరో కారును తాకిన ఆయన కారు ట్రాక్ దాటి కంచెను ఢీకొని తలకిందులైంది. అనుభవం, అంబులెన్స్, రక్షణ పంజరం అన్నీ ఉన్న చోట జరిగిన ప్రమాదం అది.

ప్రమాదం డ్రైవర్‌తో ఆగదు. 2024 ఏప్రిల్ 21న శ్రీలంకలోని దియతలావాలో ఫాక్స్ హిల్ పోటీల సందర్భంగా ఒక కారు ప్రేక్షకుల్లోకి దూసుకెళ్లడంతో ఏడుగురు చనిపోయారు. వాళ్లలో ఎనిమిదేళ్ల పాప కూడా ఉంది.

హెల్మెట్, మెడ కదలకుండా పట్టుకునే పరికరం, మంటలు తట్టుకునే దుస్తులు, కారు లోపలి ఇనుప పంజరం, ఆరు పట్టీల సీట్ బెల్టు ముప్పును తగ్గిస్తాయి. పూర్తిగా తీసేయలేవు. డ్రైవర్ తన ముప్పును తెలిసి ఒప్పుకుంటాడు. ప్రేక్షకుడికి, ఇంట్లో ఎదురుచూసేవాళ్లకు ఆ అవకాశం ఉండదు. అందుకే కంచె ఎంత దూరంలో ఉంది, జనాన్ని ఎక్కడ నిలబెట్టారు అనే ప్రశ్నలు ఈ క్రీడలో ల్యాప్ టైమ్ కంటే ముందు రావాలి.

ట్రాక్ లేని ఊళ్లలో ఏం జరుగుతోంది?

ఈ కోరిక ట్రాక్ ఉన్న నగరాల్లోనే పుట్టదు. దేశంలో శాశ్వత రేసు ట్రాకులు కొన్నే. వాటిలో పేరున్నవి తమిళనాడులో, ఢిల్లీ శివార్లలో ఉన్నాయి. గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్‌లో 2011 నుంచి 2013 వరకు మూడేళ్లే ఫార్ములా వన్ జరిగింది.

హైదరాబాద్ సంగతి ఇంకా ప్రత్యేకం. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ ఒడ్డున సుమారు 2.8 కిలోమీటర్ల వీధి ట్రాక్ మీద ఫార్ములా ఈ రేసు జరిగింది. ఫ్రెంచ్ డ్రైవర్ జాన్ ఎరిక్ వెర్న్ గెలిచారు. మరుసటి ఏడాది రేసు రద్దయింది. దానికి సంబంధించిన చెల్లింపుల మీద 2024 డిసెంబరులో ఏసీబీ కేసు నమోదు చేసింది. రేసు వల్ల నగరానికి పేరు వచ్చిందా, ప్రజాధనం వృథా అయిందా అన్న దాని మీదే చర్చంతా సాగింది. కారు నడపాలని ఉన్న స్థానిక కుర్రాళ్లకు ఆ రేసు వల్ల ఏం మిగిలిందని అడిగినవాళ్లు తక్కువ. వీధి ట్రాక్ రేసు అయ్యాక మళ్లీ మామూలు రోడ్డే. అక్కడ ఔత్సాహికుడు సాధన చేసే వీలు లేదు.

అలాంటప్పుడు ఆ ఉత్సాహం అర్ధరాత్రి ఫ్లైఓవర్లు, ఔటర్ రింగ్ రోడ్లు, నగర శివారు రహదారుల మీదికి వెళ్తుంది. మోటారు వాహనాల చట్టంలోని సెక్షన్ 189 ప్రకారం, ప్రభుత్వ అనుమతి లేకుండా బహిరంగ స్థలంలో రేసు నడపడం నేరం. 2019 సవరణ తర్వాత తొలిసారి పట్టుబడితే మూడు నెలల దాకా జైలు, లేదా రూ. 5,000 వరకు జరిమానా, లేదా రెండూ. మళ్లీ పట్టుబడితే ఏడాది దాకా జైలు, లేదా రూ. 10,000 వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. అందులో 71 శాతం మరణాలకు అతివేగమే కారణంగా నమోదైంది. అతివేగమంతా రేసింగ్ కాదు, రేసు ట్రాకులు కడితే ఈ మరణాలు ఆగిపోవు కూడా. అయితే ట్రాక్‌కూ రోడ్డుకూ ఉన్న తేడా మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ట్రాక్ మీద అందరూ ఒకే దిక్కుకు వెళ్తారు. ఎదురుగా పాల వ్యాన్ రాదు, రోడ్డు దాటే మనిషి ఉండడు. అన్నిటికంటే ముఖ్యంగా ట్రాక్ మీద ఎవరి వేగం ఎంతో గడియారం చెప్పేస్తుంది. తాను గొప్ప డ్రైవర్‌నని నమ్మేవాడికి తొలి ప్రాక్టీసులోనే పది సెకన్ల తేడా కనిపిస్తే ఆ భ్రమ తొలగిపోతుంది. రోడ్డు మీద ఆ భ్రమ ప్రమాదం జరిగేదాకా తొలగదు.

మొదలుపెట్టాలంటే

నేరుగా రేసు కారు కొనాల్సిన అవసరం లేదు. చాలామంది కార్టింగ్‌తో మొదలుపెడతారు. చిన్న కార్టు మీద గంటసేపు నడిపినా మలుపు, బ్రేకు, బరువు మార్పిడి అంటే ఏమిటో ఒంటికి తెలుస్తుంది. ఆ తర్వాతి మెట్టు ఆటోక్రాస్. ఖాళీ మైదానంలోనో రన్‌వే మీదనో కోన్ల మధ్య ఒక్కో కారును విడిగా వదిలి సమయం కొలుస్తారు. పక్కన మరో కారు ఉండదు కాబట్టి ముప్పు తక్కువ. నేరుగా 402 మీటర్ల దూరం పరుగెత్తే డ్రాగ్ పోటీలు మరో దారి. మహారాష్ట్రలోని ఆంబీ వ్యాలీ రన్‌వే మీద జరిగే వ్యాలీ రన్ అలాంటిదే. పదిమందితో కలిసి పోటీ పడే సర్క్యూట్ రేసింగ్‌కు మాత్రం శిక్షణ, పోటీ లైసెన్సు, నిర్దేశించిన రక్షణ దుస్తులు తప్పనిసరి.

బీమా గురించి ముందే తెలుసుకోవాలి. మన దేశంలో ప్రైవేటు కారు బీమా పాలసీల్లో రేసింగ్, వేగ పరీక్షలు, రిలయబిలిటీ ట్రయల్స్‌కు రక్షణ ఉండదు. సొంత కారుతో ట్రాక్ మీదికి వెళ్లి దాన్ని గోడకు కొడితే ఆ ఖర్చు సొంతదారుదే. జీవిత బీమా, ఆరోగ్య బీమా పాలసీల్లో ప్రమాదకర క్రీడల గురించి ఏముందో కూడా చదువుకోవడం అవసరం.

ఇంట్లో చెప్పాలి. ఖర్చుకు ఒక హద్దు గీసుకోవాలి. ఆ హద్దు దాటకుండా నిలబడటం మలుపులో బ్రేకు సరైన చోట వేయడం కంటే కష్టమని పాత రేసర్లకు తెలుసు.

గెలుపు కోసమే వచ్చినవాళ్లు సాధారణంగా ఒకటి రెండు సీజన్లకే వెళ్లిపోతారు. ఇరవై ఏళ్లయినా మిగిలేది తన పాత సమయం కంటే అర సెకను తగ్గించుకోవడానికి వచ్చినవాళ్లే. వాళ్లు నేర్చుకునే ఓపిక, హద్దు తెలిసిన వేగం రోడ్ల మీద కూడా పనికొచ్చేవే. షోలవరం నాటి ఔత్సాహికులు రన్‌వే అరువు తెచ్చుకుని మొదలుపెట్టారు. ఈనాటి నగరాలు ఏడాదికొక రోజు వీధులు మూసి కోట్లు ఖర్చు పెట్టడానికి సిద్ధపడుతున్నాయి. ఊరి చివర ఒక చిన్న ట్రాక్, దాని చుట్టూ గట్టి కంచె, గడియారం పట్టుకున్న ఒక మనిషి అంతకంటే చాలా తక్కువకే వస్తాయి.